బండిమీది బరువు ఎవరిది?

అఫ్జల్‌గంజి వంతెనదగ్గర గాని బేగంబజారు మొగదల గాని ఏ ఉదయమైనను కాసేపు నిలువబడి చూచినయెడల ఈ దృశ్యము కనబడును. ముప్పాతిక టన్ను మోయుటకు చేయబడిన చిన్న ట్రాలీబండి, మన నగరములో "ఛోటా హాథీ" అని పిలువబడునది, ఇనుప కడ్డీలను ఎత్తుకొని వెనుకకు కూలబడి, ముందు చక్రములు నేలను అంటీఅంటనట్టుగా పోవుచుండును. దక్షిణముగా చాంద్రాయణగుట్ట వైపు పోయినయెడల, ట్రాక్టరుకు తగిలించిన నీళ్ల ట్యాంకరు గతుకులలో ఊగుచు, వెనుక తడి గీత గీయుచు పోవును. కూడలిలోని పోలీసు చెయ్యి ఎత్తును. డ్రైవరు దిగి వచ్చి, చొక్కా జేబులోనుండి చెమటకు మెత్తబడిన లైసెన్సు తీయును. తరువాత కొన్నిసార్లు చలాను, కొన్నిసార్లు బ్రతిమాలుకొనుట, కొన్నిసార్లు ఆ ఇద్దరికి మాత్రమే తెలిసిన మూడవ మార్గము.

ప్రియ చదువరులారా, ఈ మాసము మనము ఆలోచింపదలచిన ప్రశ్న ఆ కూడలిలోనే యున్నది. డ్రైవరు ఎవరిని గుద్దలేదు. ఎవరి సొమ్మును దొంగిలించలేదు. దుకాణమువారు ఎక్కించిన సరుకును చెప్పిన చోటికి చేర్చుచున్నాడు. ఇంకను ఏ కీడును జరుగకముందే అతనిని ఆపి దోషి అనుట న్యాయమా? కీడు జరిగినప్పుడు శిక్షించవచ్చును గాని, జరుగవచ్చుననెడి భయమునకు పేదవానియొద్ద జరిమానా వసూలు చేయుట ఏమి ధర్మము? ఇది డ్రైవర్లు మాత్రమే అడుగు ప్రశ్న కాదు. చట్టము, నీతి ఒకటేనా అని ఆలోచించిన ప్రతివాడును ఎప్పుడో ఒకప్పుడు అడిగినదే.

దీనికి సమాధానము వెదకుచు నేను మోషే ధర్మశాస్త్రములోని ఒక చిన్న ఆజ్ఞయొద్ద ఆగితిని. అది బండ్లనుగూర్చినది కాదు, ఇంటి కప్పునుగూర్చినది. ద్వితీయోపదేశకాండము ఇరువదిరెండవ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల ఎవడైనను పడి చచ్చినప్పుడు ఆ రక్తదోషము ఇంటిమీదికి వచ్చుననియు ఉన్నది. గమనించుడి. ఎవడును ఇంకను పడలేదు. బహుశః ఎన్నడును పడకపోవచ్చును. అయినను గోడ కట్టకుండుటయే తప్పు. పొరుగువాని ప్రాణమును అదృష్టమునకు అప్పగించి, "ఏమియు కాలేదు గదా" అనుట నిర్దోషత్వము కాదని ఆ ఆజ్ఞయొక్క భావము. పాతబస్తీలో మిద్దెలమీద గాలిపటములు ఎగురవేయు పిల్లలను సంక్రాంతి దినములలో చూచినవారికి ఈ ఆజ్ఞను ఎవరును వివరింపనక్కరలేదు.

అయితే ఆ పిట్టగోడ ఎత్తెంత? మోషే చెప్పలేదు. మోకాలి యెత్తా, నడుము యెత్తా? ఎవరో ఒకరు, ఊరి పెద్దయో మేస్త్రియో, ఒక కొలత నిర్ణయింపవలసినదే. ఆ కొలత పరలోకమునుండి దిగివచ్చినది కాదు. అంతమాత్రముచేత అది వట్టి మాటయు కాదు.

బండ్ల బరువు విషయములోను ఇదే చిక్కు. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము లారీల ఇరుసులు మోయదగిన బరువును పెంచెను. అంతవరకు నాలుగు టైర్లుగల వెనుక ఇరుసుకు 10.2 టన్నులు మితి. తరువాత 11.5 టన్నులు. రెండు ఇరుసుల లారీ మొత్తము బరువు 16.2 టన్నులనుండి 18.5 టన్నులాయెను. నిన్న 18 టన్నులతో పోయినవాడు నేరస్థుడు, ఈ దినము అంతే బరువుతో పోయినవాడు సత్పౌరుడు. ఇనుము మారెనా? రోడ్డు మారెనా? కాగితము మారినది. దీనిని చూచి, ఈ అంకెలన్నియు ప్రభుత్వపు ఇష్టాయిష్టములే గాని వీటిలో మనస్సాక్షికి సంబంధించినదేమియు లేదని కొందరందురు.

నాకట్లు తోచదు. పురానాపూలును తలంచుకొనుడి. 1578లో, కుతుబ్‌షాహీల కాలమున, మూసీమీద ఆ వంతెన కట్టినవారు దానిమీద రాబోవు బండ్లను చూడలేదు. ఇంతకు మించిన బరువు రాదనెడి నమ్మకముమీద కట్టిరి. ప్రతి రోడ్డును, ప్రతి వంతెనయు, ప్రతి ఇరుసును అట్టి నమ్మకమే. ఇరుసు చేసిన కార్మికుడు, రోడ్డు వేసిన ఇంజనీరు, దానిమీద స్కూటరుపై పిల్లను కూర్చుండబెట్టుకొని పోవు తండ్రి, వీరు ఒకరినొకరు ఎరుగరు. ఎరుగనివారిమధ్య కుదిరిన మాట ఆ అంకె. పెద్దలు కూర్చుండి ఆ మాటను మార్చుకొనవచ్చును. అట్లు మార్చుట ఒక సంగతి, ఒక్కడు ఎవరికిని చెప్పకుండ దానిని మీరుట వేరొక సంగతి.

పైగా ఆ మీరుటయొక్క ఫలము మన కంటికి తోచినంత చిన్నది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో, ఒట్టావా పట్టణముదగ్గర, 1958 మొదలు 1960 వరకు, ప్రత్యేకముగా వేసిన రోడ్లమీద లారీలను రాత్రింబవళ్లు నడిపి ఒక పెద్ద పరీక్ష చేసిరి. ఇరుసుమీద బరువు పెరిగినకొలది రోడ్డుకు కలుగు నష్టము ఇంచుమించు నాలుగవ ఘాతములో పెరుగునని అందు తేలినది. అనగా ఇరుసుబరువు అయిదవవంతు పెరిగినయెడల నష్టము అయిదవవంతు కాదు, రెండింతలకు పైగా పెరుగును. బరువు రెట్టింపైనచో నష్టము పదునారింతలు. 11.5 టన్నుల ఇరుసుమీద 13.8 టన్నులు వేసినవాడు ఆ రోడ్డును రెండు లారీలంత అరగదీయుచున్నాడు. ఒక ట్రిప్పు కిరాయి మిగిలినది అతనికి. గుంతలో పడి చెయ్యి విరుగునది వేరొకనికి.

ట్రాక్టరు, ట్రాలీ సంగతి మరింత కఠినమైనది. చాల ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. ముందున్న ట్రాక్టరు ఆగుటకు ప్రయత్నించునప్పుడు వెనుకనున్న బరువు ఆగనొల్లక దానిని నెట్టును. మలుపులోనైతే ట్రాలీ ప్రక్కకు తిరిగి ట్రాక్టరును కూడ మడిచివేయును. నీరు మనకు తేలికగా తోచును గాని లీటరు నీరు కిలో బరువు. అయిదువేల లీటర్ల ట్యాంకరులో నీరే అయిదు టన్నులు, ఆపైన ఇనుము. నాలుగు టన్నులకు నమోదైన ట్రాలీమీద అట్టి తొట్టిని బిగించినయెడల, పుస్తకములో ఏమి వ్రాసియున్నను, రోడ్డుమీద నడచునది వేరొక బండియే. సగము నిండిన తొట్టి ఇంకను ప్రమాదకరము, ఏలయనగా లోపల అడ్డురేకులు లేనిచో నీరు బ్రేకు వేసినప్పుడెల్ల ముందుకు దూకును.

లైసెన్సు విషయము చూడుడి. అందులోను బరువే కొలత. 1988 మోటారు వాహనముల చట్టము 7,500 కిలోల వరకు తేలికపాటి వాహనమని చెప్పుచున్నది. అట్టి బండి నడుపుటకు లైసెన్సుగలవాడు, దానిని సరుకు బండిగా నడుపుటకు వేరుగా ముద్ర వేయించుకొనవలెనా లేదా అని ఏండ్ల తరబడి వివాదము జరిగెను. ఆ ముద్ర లేదనెడి నెపముతో బీమా కంపెనీలు ప్రమాదములలో చనిపోయినవారి కుటుంబములకు తాము బాధ్యులము కామని వాదించుచుండెను. 2017లో సుప్రీంకోర్టు, వేరు ముద్ర అక్కరలేదని చెప్పెను. 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానినే స్థిరపరచెను. అంతకుముందే, 2001లో, నాగశెట్టి అనువారి కేసులో, ట్రాక్టరుకు ట్రాలీ తగిలించినంతమాత్రాన ట్రాక్టరు నడుపువాని లైసెన్సు చెల్లకుండ పోదని అదే కోర్టు తీర్పిచ్చియుండెను. ఈ తీర్పులలో నాకు నచ్చిన సంగతి ఏమనగా, కాగితమునకున్న లోపమును చనిపోయినవాని భార్యాబిడ్డలమీద మోపుటకు కోర్టు ఒప్పుకొనలేదు. లైసెన్సు అనునది నీవు ఏ బరువును అదుపులో ఉంచగలవో దానికి సాక్ష్యము. ఆ సాక్ష్యము నిజమైనదా అన్నది ముఖ్యము. పరీక్షకు పోకుండ దళారికి డబ్బిచ్చి తెచ్చుకొన్న లైసెన్సుకు అన్ని ముద్రలు ఉండవచ్చును, అయినను అది అబద్ధ సాక్ష్యమే.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. తప్పు ఉన్నదని ఒప్పుకొందము. అది ఎవరిది?

లారీలను తూచు కాటాను మన నగరములో "ధర్మకాంటా" అని అందురు. ఎంత చక్కని పేరు! ఉస్మాన్‌గంజికి గాని మలక్‌పేట మార్కెట్టుకు గాని వచ్చు సరుకు బరువునుగూర్చి కొనువాడు, అమ్మువాడు ఇద్దరును కన్నులలో ఒత్తులు వేసికొని యుందురు. ఖాళీబండి ఎంత, నిండుబండి ఎంత, తేడా ఎంత, అంతయు చీటీమీద కిలోలతో సహా అచ్చగును. అయిదు కిలోలు తక్కువైనచో గొడవ. అయితే అదే బండిని అధికారి ఆపి, "బరువెంత?" అని అడిగినప్పుడు ఎవరికిని తెలియదు! డ్రైవరుకు తెలియదు, యజమాని ఫోనులో దొరకడు. సంచిలో హెచ్చు తగ్గులుగల రెండు తూనికరాళ్లు ఉంచుకొనవద్దని ద్వితీయోపదేశకాండము ఇరువదియైదవ అధ్యాయము చెప్పునప్పుడు, మనము తక్కువ తూచు దుకాణదారునే తలంచుకొందుము. ధరకు ఒక బరువు, చట్టమునకు ఒక బరువు ఉంచుకొనువాడును ఆ రెండు రాళ్లవాడే.

ఈ సంగతిని చట్టము ఎరిగియేయున్నది. అదే 1988 చట్టములో 113వ సెక్షను క్రింద ఒక చిన్న వాక్యమున్నది. హెచ్చు బరువుతో బండి నడిపినవాడు దాని యజమాని కానియెడల, ఆ నేరము యజమానికి తెలిసియో అతని ఆజ్ఞవలననో జరిగినదని న్యాయస్థానము ఊహింపవచ్చునని దాని సారాంశము. ఈ వాక్యము వ్రాసినవారు లోకమును బాగుగా ఎరిగినవారు. బండి ఎక్కువ మోయవలెనని స్టీరింగు పట్టినవాడు నిర్ణయింపడు. అది గోదాములో, ఫోనులో, కిరాయి మాట్లాడుకొనునప్పుడు నిర్ణయమగును. మత్తయి ఇరువదిమూడవ అధ్యాయములో మన ప్రభువు, ఇతరుల భుజములమీద మోయశక్యముకాని బరువులు పెట్టి తాము వ్రేలితోనైనను కదపనివారినిగూర్చి చెప్పినది ఆచారములనుగూర్చియే. అయినను గోదాము గద్దెమీద కూర్చుండి "ఇంకొక పది బస్తాలు వేయుము" అనువాని చిత్రము అందులో కనబడక మానదు.

జరిమానా ఎవరు కట్టుదురు? 2019లో సవరించిన 194వ సెక్షను ప్రకారము చట్టములో వ్రాయబడినది ఇరువదివేల రూపాయలు, ఆపైన ప్రతి హెచ్చు టన్నుకు రెండువేలు. అంతకుముందు రెండువేలు, టన్నుకు వెయ్యి. ఇంత సొమ్ము యజమాని తానే కట్టి ఊరకుండినయెడల బాగే. డ్రైవరు జీతములో నెలనెలకు కోసికొన్నయెడల, ఆజ్ఞ ఇచ్చినవాడు నిర్దోషి, ఆజ్ఞకు లోబడినవాడు ఋణస్థుడు. డ్రైవరుకు బాధ్యత లేదని నేను చెప్పుటలేదు. పౌలు గలతీయులకు వ్రాయుచు, ఒకరి భారములు ఒకరు మోయవలెనని చెప్పిన మూడు వచనముల తరువాతనే, ప్రతివాడు తన బరువు తానే మోయవలెనని కూడ చెప్పెను. కాని "నేను ఎక్కించను" అన్న డ్రైవరుకు మరునాడు బండి ఇయ్యరు. వానికి బదులు ఇంకొకడు తాళముచెవికి చెయ్యి చాచి నిలిచియుండును.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మూగజీవుల విషయములో మన దేశపు చట్టము ఎంత వివరముగా ఉన్నదో చూచి నేను ఆశ్చర్యపడితిని. బండిలాగు పశువులనుగూర్చిన 1965 నియమముల ప్రకారము, దినమునకు తొమ్మిది గంటలకు మించి పశువుచేత బండి లాగింపరాదు. అయిదు గంటలకు మించి విరామము లేకుండ లాగింపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటు చోట్ల మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడు గంటల వరకు కట్టనేరాదు. శత్రువుని గాడిద బరువుక్రింద కూలినను విడిచిపోక లేపవలెనని నిర్గమకాండము చెప్పినదానికి ఇది తగినట్టే ఉన్నది. అయితే మే నెలలో, మిట్టమధ్యాహ్నము, పత్తర్‌గట్టీ కమానులక్రింద నాలుగు చక్రముల తోపుడు బండిని సరుకుతో నెట్టుకొనిపోవు హమాలీని చూడుడి. ఆ బండికి ఎద్దును కట్టియుండినయెడల పోలీసు ఆపవలసియుండును. ఎద్దు లేదు గనుక, మనిషియే గనుక, పోనిత్తురు.

పోలీసువానినిగూర్చి మాటలాడుట మనకు సులభము. యొర్దానుయొద్ద యోహాను దగ్గరకు వచ్చినవారిలో సుంకరులు, సైనికులు కూడ ఉండిరి. ఆయన వారిని ఆ ఉద్యోగము మానుకొమ్మని చెప్పలేదని లూకా వ్రాసెను. నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దనియు, బలవంతముగా ఎవరియొద్దను దండుకొనక జీతముతో తృప్తిపడుడనియు చెప్పెను. అనగా తూచుట, వసూలు చేయుట పాపము కాదు. తూచునట్టి చేతిలో రెండవ రాయి ఉండుట పాపము. వందో రెండువందలో పుచ్చుకొని బండిని విడిచిన పోలీసు, "పాపము, పేదవాడు, కనికరించితిని" అనుకొనవచ్చును. కనికరమునకు ధర ఉండదు. ధర పెట్టినయెడల అది అమ్మకము, అమ్మినది తన సొత్తును కాదు. ఆ రోడ్డుమీద వెనుక వచ్చువాని క్షేమమును అమ్మెను.

ఈ వ్యాపారము ఒక్క కానిస్టేబులుతో ఆగలేదు. కొన్ని రాష్ట్రములు ముందుగానే రుసుము పుచ్చుకొని, హెచ్చు బరువుతో తిరుగుటకు లారీలకు కార్డులు ఇచ్చిన కాలముండెను. 2005లో పరంజీత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, డబ్బు కట్టినంతమాత్రాన హెచ్చు బరువుతో బండి ముందుకు పోరాదని చెప్పెను. ఇది చదివినప్పుడు మన సంఘ చరిత్ర తెలిసినవారికి 1517 జ్ఞాపకము రాక మానదు. విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు ఎదిరించినది ఇట్టి చీటీల అమ్మకమునే గదా! చీటీ కొన్నవాడు తన తప్పును విడువనక్కరలేదు, వెల కట్టిన చాలును.

అందుకే చట్టములోని 114వ సెక్షను నాకు జరిమానాకంటె నీతిగలదిగా తోచును. అధికారమున్నవాడు, అనుమానము కలిగినయెడల, ముందుదారిలో పది కిలోమీటర్లలోగా ఉన్న కాటాకు బండిని తీసికొనిపొమ్మని చెప్పవచ్చును. బరువు హెచ్చైనయెడల ఆ హెచ్చును దింపువరకు కదలరాదని వ్రాసి ఇయ్యవచ్చును. డబ్బు కట్టుట కాదు, బరువు దించుట. పశ్చాత్తాపమునకు ఇంతకంటె స్పష్టమైన రూపమును ఏ చట్టపుస్తకములోను నేను చూడలేదు.

కాని ఎక్కడ దించవలెను? ఇనుమైతే ఇంకొక బండి తెచ్చి మార్చవచ్చును. సిమెంటైతే వానకు భయపడుచు ప్రక్కన పేర్చవచ్చును. నీటిని ఎట్లు దింపుదురు? వేసవిలో కొళాయి రాని గల్లీలో బిందెలు, డబ్బాలు వరుసలో పెట్టి తల్లులు ఎదురుచూచుచుండగా, ట్యాంకరులోని వెయ్యి లీటర్లను మురికికాలువలోనికి విడుమని పోలీసు చెప్పవలెనా? చెప్పకపోయినయెడల, బ్రేకులేని ఆ ట్రాలీ పిల్లలు ఆడుకొను ఆ గల్లీలోనికే పోవును. ఇక్కడ చేతిలో పుస్తకము పట్టుకొని సులభముగా తీర్పు చెప్పువానిని నేను నమ్మను.

రెండవ సమూయేలు గ్రంథములో దావీదు దాహముతో బేత్లెహేము బావినీరు కోరగా, ముగ్గురు వీరులు శత్రువుల పాళెమును చీల్చుకొనిపోయి తెచ్చిరి. అవి ప్రాణమునకు తెగించినవారి రక్తముతో సమానమని దావీదు వాటిని త్రాగనొల్లక యెహోవా సన్నిధిని పారబోసెను. దావీదు రాజు. అతనికి ఇంకొక చోటినుండి నీరు దొరకును. రేకుల ఇంటి తల్లి ఆ మాట అనలేదు, అనుమని ఆమెను అడుగుట అన్యాయము. అనగలవారు వేరే ఉన్నారు. ఒక్క పెండ్లికి పది ట్యాంకర్లు తెప్పించు ఫంక్షను హాలువారున్నారు. ఇల్లు కట్టుచు ఇసుకను "ఒకే ట్రిప్పులో" అని బేరమాడు మనవంటివారున్నారు. మన సంఘములలోనే ప్రహరీగోడకో పాఠశాల గదికో ఇటుకలు, కంకర తెప్పించు కమిటీలున్నవి. రెండు ధరలు వచ్చినప్పుడు తక్కువదానిమీద సంతకము చేయుదురు. ఆ ధర ఎందుకు తక్కువయో కోశాధికారి అడుగడు, చెప్పువాడును చెప్పడు. రెండు ట్రిప్పుల సరుకు ఒక బండిమీద వచ్చును.

కమిటీ అడుగవచ్చును. రెండు ట్రిప్పుల కిరాయి ఎంతయని అడిగి, అంతయు ఇచ్చి, బండితోపాటు కాటా చీటీని, రిజిస్ట్రేషను పుస్తకపు నకలును తెమ్మనవచ్చును. చీటీలో ఖాళీబండి బరువు, నిండుబండి బరువు ఉండును. పుస్తకములో అనుమతించిన బరువు ఉండును. ఆ మూడు అంకెలను మన లెక్కల పుస్తకములో, చెల్లించిన సొమ్ము ప్రక్కనే, వ్రాసికొనుటకు చోటున్నది.